పట్టీలో లేని పేరు: సంఘంలో పరిచారకుల ధర్మసేవ

యెరూషలేము సంఘంలో లేచిన మొదటి సణుగుడు అన్నం దగ్గర లేచింది. అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయంలో ఆ సంగతి చదువుతాం. ప్రతిదినం జరిగే ఆహార పరిచర్యలో గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రను చిన్నచూపు చూశారని వారి పక్షం వారు సణిగారు. సంఘం అప్పుడు బీదగా లేదు. ఆస్తులు అమ్మి అపొస్తలుల పాదాల దగ్గర పెట్టినవారు అంతకు రెండు అధ్యాయాల ముందే కనబడతారు. ధాన్యానికీ డబ్బుకూ కొదువ లేదు, ఇచ్చే మనసుకూ కొదువ లేదు. అయినా కొందరు విధవరాండ్రు ఖాళీ చేతులతో ఇంటికి వెళ్ళారు. పంచేవారి కంటికి వారు ఆనలేదు, అంతే.

అపొస్తలులు ఆ సణుగుడును అణచివేయలేదు. సంఘమంతటినీ పిలిచి, మంచిపేరు పొంది ఆత్మతోనూ జ్ఞానంతోనూ నిండిన ఏడుగురిని మీరే ఏర్పరచుకోండి అన్నారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఈ ఏడూ గ్రీకు పేర్లే. వారిలో నీకొలాసు పుట్టుకతో యూదుడు కూడా కాదు. ఎవరి విధవరాండ్రు మరుగున పడ్డారో, ఆ పక్షం నుంచే పంచేవారిని సంఘం ఎన్నుకుందని పండితులు చాలామంది గమనించారు.

డీకన్ల సేవ గురించి మాట్లాడే ప్రతిసారీ మనం ఈ అధ్యాయానికే వస్తాం. కానీ అందులోని పాఠాన్ని సగమే నేర్చుకుంటాం. పంచడానికి మనుషులు కావాలన్నది ఆ సగం. పంచేటప్పుడు ఎవరి పేరు తప్పిపోయిందో వెదకడానికి మనుషులు కావాలన్నది తక్కిన సగం. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల సంఘాలను దృష్టిలో పెట్టుకుని, ఆ తక్కిన సగం గురించి ఈ వారం ఆలోచిద్దాం.

పరిచారకుడు అంటే ఎవరు?

ఆ ఏడుగురిని లూకా ఎక్కడా 'డీకన్లు' అనే బిరుదుతో పిలవలేదు. వారి పనిని మాత్రం 'దియకోనియా' అన్నాడు. అదే అధ్యాయంలో అపొస్తలుల వాక్య పరిచర్యకు కూడా అదే మాట వాడాడు. ప్రసంగపీఠం దగ్గర జరిగే పనికీ బల్ల దగ్గర జరిగే పనికీ లేఖనంలో ఒకటే పేరు. ఫిలిప్పీ పత్రిక మొదటి వచనానికి వచ్చేసరికి అధ్యక్షుల పక్కన పరిచారకులు కనబడతారు. మొదటి తిమోతి మూడవ అధ్యాయం వారికి ఉండవలసిన లక్షణాలు చెబుతుంది. రోమా పత్రిక చివరి అధ్యాయంలో కెంక్రేయ సంఘ పరిచారకురాలైన ఫీబే ఉంది.

తరువాతి కాలంలో ఈ సేవ ఎలా సాగిందో చరిత్రలో దాఖలాలు ఉన్నాయి. రెండవ శతాబ్దం మధ్యలో రోములో ఉన్న జస్టిన్ తన వాదపత్రంలో ఆదివారపు కానుక ఎక్కడికి పోతుందో రాశాడు: అనాథలకు, విధవలకు, రోగులకు, చెరసాలలో ఉన్నవారికి, పరదేశులకు. క్రీ.శ. 251 ప్రాంతంలో రోమా అధ్యక్షుడైన కొర్నేలీ రాసిన ఉత్తరాన్ని చరిత్రకారుడు యూసేబియస్ భద్రపరిచాడు. అప్పటికి ఆ నగర సంఘంలో పరిచారకులు ఏడుగురు, సంఘం పోషిస్తున్న విధవలూ దిక్కులేనివారూ 1,500 మందికి పైగా. ఆ సంఖ్య చెప్పగలిగాడంటే వారి దగ్గర పట్టీ ఉందన్నమాట. 1541లో కాల్విన్ జెనీవా సంఘానికి నియమావళి రాసినప్పుడు పరిచారకులను రెండు రకాలుగా విభజించాడు. బీదల సొమ్మును కాపాడి లెక్క చూసేవారు ఒకరు, రోగులనూ బీదలనూ స్వయంగా కనిపెట్టుకునేవారు మరొకరు. లెక్క తెలిసినవాడికి రోగి పక్కన కూర్చునే ఓర్పు ఉండకపోవచ్చు, ఓర్పు ఉన్నవాడికి లెక్క రాకపోవచ్చు. ఈ రెండు వరాలూ ఒకరిలోనే ఉండాలని పట్టుబట్టనక్కర లేదు.

మన ప్రాంతంలో

పాలమూరులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ కేంద్రం 1885లో మొదలైంది. రష్యా నుంచి వచ్చిన మెన్నొనైట్ బ్రదరెన్ మిషనరీ అబ్రహాము ఫ్రీసన్, బాప్టిస్టులతో కలిసి 1890లో నల్లగొండలో పని ప్రారంభించాడు. తరువాత నాగర్‌కర్నూల్, వనపర్తి, దేవరకొండ, కల్వకుర్తి, గద్వాల వంటి చోట్ల మెన్నొనైట్ బ్రదరెన్ పరిచర్య వేళ్ళూనింది. 1937లో మహబూబ్‌నగర్ కేంద్రం కూడా వారి చేతికి వచ్చింది. వైద్యురాలు కాథరీనా షెల్లెన్‌బర్గ్ 1907లో వచ్చి, 1945లో మరణించేవరకు ఈ గడ్డమీదే రోగులకు సేవ చేసింది. బళ్ళు, హాస్టళ్ళు, దవాఖానాలు, కరువు సహాయం అన్నీ ఆ కేంద్రాల చుట్టూ పెరిగాయి.

మిషనరీలు వెళ్ళిపోయాక భవనాలు మనకు మిగిలాయి. ధర్మసేవ మాత్రం 'దొరలు చేసేది' అన్న ఆలోచన కూడా కొంత మిగిలింది. ఇప్పుడు చాలా సంఘాల్లో డీకన్ పని అంటే కానుక పళ్ళెం తిప్పడం, ప్రభు బల్ల సిద్ధం చేయడం, క్రిస్మస్‌కు చీరలు, దుప్పట్లు పంచేటప్పుడు వేదిక మీద నిలబడడం. ఇవి తప్పు పనులు కావు. కానీ డిసెంబరులో దుప్పటి అందుకున్న ముసలమ్మ జూన్‌లో ఏం తిన్నదో ఎవరికీ తెలియకపోతే, ఆ సేవ ఇంకా మొదలు కాలేదనే చెప్పాలి.

మొదట పట్టీ

సహాయం సరుకుతో మొదలుపెట్టవద్దు, పట్టీతో మొదలుపెట్టండి. ఊరిని వాడల వారీగా పంచుకుని ఒక్కొక్క పరిచారకుడు పదిహేను ఇరవై ఇళ్ళు తీసుకోవాలి. సంఘ సభ్యత్వం ఉన్న ఇళ్ళు మాత్రమే కాదు, ఆ వాడలోని ఇళ్ళన్నీ. విశ్వాస గృహానికి చేరినవారి పట్ల ప్రత్యేక శ్రద్ధ చూపుతూనే అందరికీ మేలు చేయాలని గలతీ పత్రిక ఆరవ అధ్యాయం చెబుతోంది కదా. ఏడాదికి రెండుసార్లు ఈ పట్టీని తిరగరాయాలి. మన ప్రాంతంలో అందుకు తగిన కాలాలు రెండు: వలస వెళ్ళిన తరువాత ఒకసారి, వానలకు ముందు మరొకసారి.

ఎవరిని వెదకాలి? ఈ నేలను ఎరిగినవారికి కొన్ని ముఖాలు వెంటనే కనబడతాయి.

పాలమూరు వలస గురించి కొత్తగా చెప్పనక్కర లేదు. వానాకాలం పంట పనులు అయ్యాక మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ముంబయికో పుణెకో హైదరాబాదుకో భార్యాభర్తలు వెళ్ళిపోతే, ఇంట్లో ముసలివాళ్ళూ బడికెళ్ళే పిల్లలూ మిగులుతారు. ఆ ఇంటికి తాళం ఉండదు కనుక ఊరికి అది బాగున్న ఇల్లులాగే కనబడుతుంది. జ్వరం వస్తే ఆస్పత్రికి తీసుకుపోయేవారు మాత్రం ఉండరు.

నల్లగొండ జిల్లా మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల్లో ఫ్లోరైడు నీళ్ళు తాగి ఎముకలు వంగిపోయినవారు ఉన్నారు. మిషన్ భగీరథ ద్వారా మంచినీళ్ళు వచ్చాయి, దేవునికి స్తోత్రం. అయితే వంగిన వెన్ను మంచినీళ్ళతో తిరిగి నిటారు కాదు. వారిని మందిరానికి తీసుకువచ్చే ఆటో గురించి ఎవరైనా ఆలోచించారా?

అప్పుల భారంతో భర్తను పోగొట్టుకున్న రైతు భార్యలు, తండాల నుంచి బస్తీకి వచ్చి ఇటుక బట్టీల దగ్గర గుడిసెల్లో ఉంటున్నవారు, తాగుడు వల్ల కూలిపోయిన ఇంటిలోని పిల్లలు, మందులు మానేసిన టీబీ రోగులు కూడా పట్టీలో ఉండాలి.

ఇక చెప్పడానికి కష్టమైన మాట ఒకటి. యెరూషలేములో హెబ్రీయులు, గ్రీకు భాష వారు ఉన్నట్టు మన సంఘాల్లో మాల వాడ, మాదిగ వాడ ఉన్నాయి. ఆదివారం ఒకే చాప మీద కూర్చున్నా సోమవారం వాడలు వేరు. డీకన్లందరూ ఒకే వాడ వారైతే పట్టీ కూడా ఆ వాడ దగ్గరే ఆగిపోతుంది. ఎవరికీ చెడ్డ ఉద్దేశం ఉండనక్కర లేదు, తెలిసిన ఇళ్ళే గుర్తుకొస్తాయి. దీనికి మందు ఆ ఏడు గ్రీకు పేర్లలోనే ఉంది. ఏ వాడ వారి పేర్లు పట్టీలో తక్కువగా ఉన్నాయో ఆ వాడ నుంచి పరిచారకులను ఎన్నుకోండి. డీకన్ బంధువు పేరు చర్చకు వచ్చినప్పుడు ఆ డీకన్ కాసేపు బయట కూర్చోవాలి. ఈ ఒక్క నియమం చాలా సణుగుళ్ళను ఆపుతుంది.

పట్టీ రాసేవారు అడిగే తీరు కూడా నేర్చుకోవాలి. నలుగురి ముందు "నీకు ఏం కావాలె అవ్వా?" అంటే "ఏం వద్దు బిడ్డా, మంచిగనే ఉన్న" అనే జవాబు వస్తుంది. మానం కలిగిన మనిషి అలాగే అంటుంది. ఒంటరిగా వెళ్ళి, కూర్చుని, ప్రార్థన చేసి, రెండు మాటలు మాట్లాడితే పొయ్యి మీద ఏముందో, మందుల సంచిలో ఏముందో తెలుస్తుంది. ఒంటరి స్త్రీల ఇళ్ళకు స్త్రీలే వెళ్ళాలి. ఫీబే వంటి పరిచారకురాండ్రు లేని సంఘం సగం ఇళ్ళ గడప దాటలేదు.

బియ్యం, డబ్బు, లెక్క

'మాది బీద సంఘం, మేమేం చేయగలం' అనే మాట తరచు వింటాం. ఉదాహరణకు అరవై కుటుంబాల సంఘం ఒకటి అనుకుందాం. పూటకు పిడికెడు చొప్పున తీసిపెట్టి ఇంటికి నెలకు ఒక్క కిలో బియ్యం తెచ్చినా 60 కిలోలు. దిక్కులేని ఆరుగురు ముసలివారికి తలా పది కిలోలు. ఇంటికి నెలకు 50 రూపాయలు వేసినా ఏడాదికి 36,000 రూపాయలు. మందులకు, ఆటో కిరాయికి, పిల్లల నోటు పుస్తకాలకు అది చిన్న మొత్తం కాదు. మిజోరంలో సంఘ స్త్రీలు వంట చేసే ప్రతిసారీ పిడికెడు బియ్యం దేవుని కోసం పక్కన పెట్టే అలవాటును తరాల తరబడి నిలుపుకొన్నారు. వారు దాన్ని 'బుఫై థమ్' అంటారు. కొండ ప్రాంతపు బీద సంఘాలు ఆ పిడికెడు బియ్యంతోనే పెద్ద పరిచర్యలు నడిపాయి.

మన రైతులకు తెలిసిన మార్గం మరొకటి ఉంది. అది పరిగె. పొలం అంచులు కోయకుండా, రాలిన వెన్నులు ఏరకుండా బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టాలని లేవీయకాండం ఆజ్ఞాపించింది. రూతు ఆ పరిగె ఏరుకునే బోయజు పొలంలోకి వచ్చింది. పంట చేతికొచ్చినప్పుడు ఒక బస్తా వడ్లు, ఒక గంప వేరుశనగ బీదల పాలుగా సంఘానికి ఇచ్చే రైతులు ఉంటే, ఎండాకాలానికి నిల్వ దొరుకుతుంది.

బీదల నిధిని మందిర నిర్మాణ నిధితో కలపకూడదు. గోడలకు సిమెంటు అవసరమైనప్పుడల్లా ఆ పెట్టె మీదికి చెయ్యి పోతుంది. నెలనెలా ప్రభు బల్ల ఆదివారపు ప్రత్యేక కానుకను బీదలకే కేటాయించే పద్ధతి చాలా సంఘాల్లో ఉంది. దాన్ని అలాగే నిలబెట్టుకోవాలి. లెక్కించేటప్పుడు ఇద్దరు ఉండాలి, వారు ఒకే ఇంటివారు కాకూడదు. బ్యాంకు ఖాతా సంఘం పేరిట ఉండాలి, కాపరి పేరిట గానీ డీకన్ పేరిట గానీ ఉండకూడదు. నెలకొకసారి వచ్చినదెంత, పోయినదెంత, ఎన్ని ఇళ్ళకు అనే మూడు సంఖ్యలు సంఘం ముందు చదవాలి. తీసుకున్నవారి పేర్లు చదవకూడదు. యెరూషలేములోని బీదల కోసం పోగుచేసిన చందాను పౌలు ఒంటరిగా మోసుకుపోలేదు. తనమీద ఎవరూ తప్పు మోపకుండా సంఘాలు ఏర్పరచిన సహోదరులను వెంట పెట్టుకున్నాడు. రెండవ కొరింథీ ఎనిమిదవ అధ్యాయంలో ఆ కారణాన్ని ఆయనే చెప్పాడు. అపొస్తలునికి అవసరమైన జాగ్రత్త మనకు అవసరం లేదా?

విదేశాల్లో ఉన్న మిత్రులు డబ్బు పంపుతామంటే తొందరపడవద్దు. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం ప్రకారం కేంద్ర హోంశాఖ వద్ద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ లేని సంఘం విదేశీ విరాళం తీసుకోరాదు. నమోదు ఉన్న సంస్థ కూడా ఆ డబ్బును మరొక సంస్థకు బదలాయించడానికి 2020 సవరణ తరువాత వీలు లేదు. మన ఊరి బీదలను మన పిడికెడు బియ్యంతో చూసుకోవడమే క్షేమం, అదే మన సంఘానికి బలం.

వెంట నడిచే సేవ

నేడు చాలా ఇళ్ళకు రేషను బియ్యం అందుతోంది. అందువల్ల పరిచారకుని సేవలో ఎక్కువ భాగం ఇప్పుడు చేతిలో పెట్టడం కంటే వెంట నడవడం. పింఛను రాని విధవరాలికి పింఛను ఇప్పించడం, ఆమెకు ఏడాది పొడవునా బియ్యం ఇచ్చినదానికంటే ఎక్కువ మేలు. చదువు రాని మనిషికి ఆఫీసు మెట్లు కొండంత ఎత్తుగా కనబడతాయి. పక్కన ఒక మనిషి ఉంటే చాలు.

ఒక చావు జరిగిన ఇంటినే తీసుకోండి. సమాధి కార్యక్రమానికి సంఘమంతా వస్తుంది. ఆ మరుసటి వారం పరిచారకుడు తిరిగి వెళ్ళాలి. మరణాన్ని గ్రామ పంచాయతీలో లేదా మున్సిపాలిటీలో 21 రోజుల్లోగా ఉచితంగా నమోదు చేయించవచ్చు. ఆ గడువు దాటితే తిరుగుడు పెరుగుతుంది. ఆ పత్రం ఉంటేనే భార్యకు వితంతు పింఛను దరఖాస్తు ముందుకు నడుస్తుంది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న కుటుంబంలో 18 నుంచి 59 ఏళ్ళ మధ్య వయసున్న సంపాదనపరుడు చనిపోతే, జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద 20,000 రూపాయలు రావాలి. ఇది తెలియని ఇళ్ళు మన సంఘాల్లోనే ఉన్నాయి. ఆదరణ వాక్యం చదివిన చేతితోనే ఈ దరఖాస్తు కూడా నింపవచ్చు.

వికలాంగులకు సదరం శిబిరంలో ధ్రువపత్రం, పెద్ద జబ్బుకు ఆరోగ్యశ్రీ, టీబీ రోగికి ప్రభుత్వ దవాఖానాలో ఉచిత మందులు, బడి మానేసిన పిల్లకు గురుకులంలో సీటు, ఇలా ఒక్కొక్క అవసరానికి వెళ్ళవలసిన తలుపు వేరు. యవ్వనస్థుల్లో మీసేవ, ఫోన్ దరఖాస్తులు బాగా తెలిసిన ఇద్దరిని డీకన్లకు తోడుగా పెట్టండి. ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు, పంచాయతీ కార్యదర్శి, మహిళా సంఘం వారు మనకు పోటీదారులు కారు. వారి దగ్గర ఉన్న పట్టీతో మన పట్టీని సరిచూసుకుంటే రెండింటిలోనూ తప్పిపోయిన పేర్లు బయటపడతాయి.

షరతు లేని చెయ్యి

ఈ సంగతి స్పష్టంగా చెప్పుకోవాలి. బియ్యం చూపించి బాప్తిస్మం అడగడం సువార్త కాదు. ఈ విషయంలో తెలుగు సంఘాల చరిత్రలోనే మనకు గొప్ప సాక్ష్యం ఉంది. 1876–78 మహా కరువులో ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్ళకు పైగా తవ్వే పనిని కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆకలితో ఉన్న వేలమందికి కూలి దొరికింది. ఆ రోజుల్లో బాప్తిస్మం కోరి వచ్చినవారు ఎందరో ఉన్నారు. అన్నం కోసం వచ్చారో ప్రభువు కోసం వచ్చారో తేలాలని ఆయన పదిహేను నెలల పాటు ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. సహాయం ముగిశాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది గుండ్లకమ్మ నీళ్ళలోకి దిగారు. పాలమూరు, నల్లగొండ సంఘాలకు విత్తనం వేసినది కూడా ఆ మిషనే.

కనుక ఆరాధనకు వస్తేనే సరుకు అనే నియమం పెట్టవద్దు. సంచి మీద సంఘం పేరు అచ్చు వేయించవద్దు. తీసుకునేవారి ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టవద్దు. పిల్లల ఫొటోలైతే అసలే వద్దు. కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదన్న ప్రభువు మాటకు సెల్‌ఫోన్ మినహాయింపు కాదు. 'మీరు ఎందుకు చేస్తున్నారు?' అని ఎవరైనా అడిగితే సంతోషంగా సాక్ష్యం చెప్పండి. అడగకపోయినా ఆ ఇంటికి వచ్చే నెల మళ్ళీ వెళ్ళండి.

ఎవరిని ఏర్పరచుకోవాలి?

మొదటి తిమోతి చెప్పే లక్షణాల్లో రెండు మాటలు మన పరిస్థితికి సూటిగా తగులుతాయి: రెండు నాలుకలు ఉండకూడదు, దుర్లాభం ఆశించకూడదు. ఇంటింటికీ తిరిగే మనిషికి ఇంటింటి గుట్టు తెలుస్తుంది. ఒక ఇంటి ఆకలిని మరొక ఇంట్లో మాటగా పంచేవాడు ఈ పనికి తగడు. కాబట్టి కానుక ఎక్కువ వేసేవాడా, గొంతు పెద్దదా అని చూడకుండా, బీదవాడు అర్ధరాత్రి ఎవరి తలుపు కొడతాడో చూసి ఎన్నుకోండి. మూడేళ్ళకొకసారి పని మార్చండి, కొత్తవారిని ముందు పరీక్షించండి. సంఘ కాపరి అన్నీ తన చేతిలో పెట్టుకోకూడదు. అపొస్తలులే ఆ పనిని నమ్మి అప్పగించారు. దాని ఫలితం ఆ అధ్యాయం ఏడవ వచనంలో ఉంది: దేవుని వాక్యం ప్రబలింది, శిష్యుల సంఖ్య విస్తరించింది.

సంఘ పెద్దలకు, డీకన్లకు నా మనవి ఇది. రాబోయే కమిటీ సమావేశంలో ఎంత పంచాలి అనే చర్చకు ముందు ఒక తెల్లకాగితం తీసుకుని మీ ఊరి వాడల పేర్లు రాయండి. ఒక్కొక్క వాడకు ఎదురుగా, గత ఏడాది మీ చెయ్యి చేరిన ఇళ్ళ సంఖ్య వేయండి. ఏ వాడ ఎదుట సున్నా వచ్చిందో, ఈ ఏడాది మీ పరిచర్య అక్కడ మొదలు కావాలి. ప్రభువు మీ చేతులను బలపరచును గాక.